ఆర్పు, ఎయ్యి

నేను కరెంటు పనోణ్ణి.
రేణిగుంట దోవలో చెంగల్రాయులన్న ఇంటికి
పద్నాలుగు నెలలు వైర్లు లాగినాను.
ఒకప్పుడు ఆడ చెనిక్కాయల చేను.
వాన కరుణిస్తే పది మూటలు,
లేదంటే కట్టె, ఆకు, అప్పు.
విమానాలు దిగేది మొదలయినాక
ఎకరాల లెక్క పోయి అంకణాల లెక్క వచ్చింది.
అమ్మగా మిగిలిన ముక్కలో ఈ ఇల్లు.

గేటు కాడ రెండు తెల్లగుర్రాలు, ఫైబరువి.
లారీలోంచి దించేటప్పుడే ఒకదాని తోక ఇరిగింది,
బంక పెట్టి అతికించింది నేనే.
హాల్లో పియానో ఉంది.
అన్న తాళాలగుత్తి దాని మీద పడేసినప్పుడు
ఒక్కసారి మోగింది, అంతే.
మేడ మీద స్నానాల తొట్టి నిండా
వదిన చింతపండు మూటలు.
వంటిళ్ళు రెండు:
ముందరిది చూపించేదానికి,
ఎనకది సంగటి కెలికేదానికి.

నవ్వితే నవ్వండి, నేను మాత్రం నవ్వలేను.
పొద్దు గూకేలోపల కూలి చేతిలో పెట్టేవాడు.
ఎన్ని కట్టలున్నా సరే
నాలికతో వేలు తడుపుకుని
ఒక్కో నోటూ మండీలో మాదిరే లెక్కబెట్టేవాడు.

ఒకరోజు గోడ చుట్టూ తిరిగి చెప్పినాడు:
"బయటంతా లైట్లు పెట్టబ్బా.
కొండెక్కే బస్సులో కిటికీ పక్కనోడు
అదో చెంగల్రాయులిల్లు అనాల.
చిన్నప్పుడు మా నాయన నన్ను భుజాన మోసుకోని
గాలిగోపురం కాడ ఆగి
కిందికి చూపించి
మన ఇల్లు యాడుందో చెప్పరా అన్నాడు.
మాది కిరసనాయిలు బుడ్డి.
యాడ కనిపిస్తాది?"

నూటెనభై లైట్లు బిగించినాను.
నీలం, పసుపు, గులాబి.
అది ఇల్లో, కల్యాణ మండపమో, పెట్రోలు బంకో
రాత్రయితే నాకే అనుమానం.

ఆ రాత్రే కొత్త కారులో కొండకు పోయినాం.
దర్శనానికి కాదు.
గుండు గీకించుకోలేదు, లడ్డు కొనలేదు,
దిగే దోవలో ఒక మలుపు కాడ,
బండ్లు ఆపరాదన్న బోర్డు కిందనే,
బానెట్టు ఎత్తి ఇంజను కాగినట్టు నిలబడినాం.

కింద తిరపతి.
ఎవరో నిప్పుల కుంపటి బోర్లించి పోయినట్టు.

"యాడబ్బా?"
చెయ్యి చాపినాను.
నా చూపుడువేలు కింద వెయ్యి ఇళ్ళు.

ఫోను తీసినాడు.
"మేయ్ కుప్పమ్మా, ఆర్పు.
ఆర్పినావా?
ఎయ్యి.
మళ్ళా ఆర్పు."
ఊరు రెప్ప వాల్చలేదు.
ఎనకనుంచి ఒక బస్సు హారను కొట్టి తిట్టి పోయింది.
"ఎయ్యి మే. ఆర్పు. ఆర్పమంటే నీక్కాదా?"

అప్పుడు
రైలు పట్టాలకు అవతల యాడనో
గుండుసూది మొనంత ఒకటి పోయింది.
వచ్చింది.
పోయింది.

"అదే! అదేరా!"
నోట్లు లెక్కబెట్టే వేలు గాలిలో వణికింది.
తుండుగుడ్డ లేదు,
సిలుకు చొక్కా చేతితోనే కండ్లు తుడుచుకున్నాడు.

నూటెనభై ఆరితే
ఆ మూల గుంటంత చీకటి పడాల.
నాకు తెలుసు.
"అదేనన్నా" అన్నాను.

మర్నాడు మిగిలిన లెక్కకు పోతే
ఎనక వరండాలో వదిన చెనిక్కాయలు వొలస్తా ఉంది.
అంగట్లో కొన్నవి.
"ఆ రిమోటు నాకు చేతగాదు నాయనా,
ఏది నొక్కితే ఏది ఎలగతాదో.
ఆయనేమో ఫోన్లో అరస్తా ఉండె.
ఇదో, నాకు తెలిసిందిదొకటే,
దీన్నే ఆర్పినా, దీన్నే ఏసినా."

తల పైకెత్తినాను.
పునాది తవ్వే రోజున కూలోళ్ళకని
నేనే వాసానికి యాలాడగట్టిన బల్బు.
ముప్పై రూపాయలది.
దుమ్ము పట్టి, సాలీడు గూడు పెట్టి
ఇంకా అట్నే ఉంది.

"ఆయనకు కనిపించిందంటనా?"
అంటా దోసెడు గింజలు నా చేతిలో పోసింది.

"కనిపించింది వదినా."

ఆ వైరు పీకేద్దామనే
కటింగు ప్లేరు తెచ్చుకోనున్నాను.
గింజలు నములుకుంటా
దాన్ని సంచిలోనే ఉండనిచ్చినాను.