సందు మీది తీగ

మూడేండ్లు ఆ నీలం తీగ
షేక్షావలి మామ మిద్దె మీంచి సందు దాటి
మా కిటికీ కడ్డీల్లో దూరి
కంప్యూటర్ వెనక తోక మాదిరి వేలాడేది.
కోతులు దాన్ని పట్టుకుని ఊగినాయి.
మాలన్‌బీ అత్త దాని మీదే తువ్వాళ్లు ఆరేసేది.
"నెట్టు తడుస్తాదత్తా" అంటే
"ఎండకు అదే ఆరతాది పోవే" అనేది.

మొన్న బేస్తారం
పత్తి బోరేలు మిద్దెత్తు ఏసుకున్న లారీ
మలుపులో తీగను తెంపుకుని
మార్కెట్‌యార్డు దాకా ఈడ్చుకుపోయింది.

నా బల్ల మీద పంట బీమా అర్జీలు పద్దెనిమిది.
గడువు శనివారం.
"తీగే లేకుండా చేసుకో పాపా" అని
ఉరుకుందప్ప తన అంగట్లోంచి ఒక కార్డు తీసినాడు.
తొమ్మిదొందల యాభై చెప్పి
ఎనిమిదొందల ఎనభైకి దిగినాడు.
అరచేతంత పచ్చరేకు,
రెండు నల్ల చెవులు, మేకపిల్లవి మాదిరి.

కరెంటు పీకి
కుట్టుమిషన్ డ్రైవరుతో మరలు విప్పి చారుగిన్నెలో వేసినా.
ఇమాంసా సెల్లు లైటు పట్టుకున్నాడు.
పక్కరేకు జారుస్తూనే
లోపల దిండుకు సరిపోయేంత దూది!
ఆదోని గాలిలోకి జిన్నింగు మిల్లులు ఊదేదంతా
ఫ్యాను పీల్చి పీల్చి దాచుకుంది.

జేజినాయన ఉంటే నవ్వేవాడు.
ఊరూరా తిరిగి పరుపులకు దూదేకినోడు.
విల్లుకున్న నరం తీగను టుంయ్‌మని కొడితే
ముట్టిన దూది కంటే ముట్టని దూదే ముందు లేస్తుందని
చెప్పేవాడు. నిజమో, మమ్మల్ని ఆడించేదో.
చున్నీ ముక్కుకు కట్టుకుని
పాత పండ్ల బ్రష్షుతో ఏకినా,
ఎంతైనా ఏకినోళ్ల ఇంటిదాన్ని.

"ముందు ఇనుము ముట్టు, ఒంట్లో కరెంటు దిగాల"
అన్నాడు గదా ఉరుకుందప్ప,
దర్గా గడప ముట్టినట్టు ముట్టినా.
పొడుగు గాడి కాదు, దాని కింద పొట్టిది.
వెనక అడ్డపట్టీ తీస్తుంటే వేలు తెగింది.
కార్డు నొక్కితే దిగదు.
ఇంకాస్త నొక్కితే విరుగుతుందేమో,
ఎనిమిదొందల ఎనభై కండ్ల ముందు తిరిగింది.
"బిస్మిల్లా అను చిన్నమ్మా" అన్నాడు ఇమాంసా.
అన్నా.
పటుక్కుమంది.

ఆన్ చేస్తే కంప్యూటర్‌కు అది కనపడనే లేదు.
డ్రైవర్ కావాలంట.
మరలు విప్పిన డ్రైవర్ కాదంట, ఇంకోటి.
అది నెట్టులో ఉంటాదంట.
పెండ్లయితే గానీ పిచ్చి కుదరదు,
పిచ్చి కుదిరితే గానీ పెండ్లి కాదు.
కడాకు ఇమాంసా సెల్లే పెండ్లిపెద్ద అయింది,
ఛార్జింగు వైరుతో దానికి ముడేసి
గుక్కెడు నెట్టు అరువు తెచ్చుకున్నాం.

అప్పుడు చూడాల,
గోడల్లోంచి పదకొండు పేర్లు!
మూడేండ్లూ ఇంతమంది ఇంట్లో తిరగతా ఉన్నారా,
నేను నైటీ మీదే ఉంటినే.

మామది పాస్‌వర్డు అడిగింది.
తీగ ఎప్పుడూ ఏమీ అడగలేదు.
మామ పత్తి వేలంలో ఉన్నాడు, ఫోనెత్తడు.
అత్త డబ్బాను బోర్లించి
బడి మొహం చూడని కండ్లతో
మిద్దె మీంచి చదివింది:
"కొడవలి.
ఆనక నిచ్చెన.
ఆనక ముడేసిన దారం. చక్రం."
"సున్నానా, ఓ నా అత్తా?"
"చక్రం చక్రమే గదనే!"
సందులో కిటికీలన్నీ తెరుచుకున్నాయి.
"బండి చక్రమా, సైకిల్ చక్రమా అడుగు పాపా"
అని ఎదురింటి లింగన్న సాయం.
మూడోసారికి పట్టింది.

రాత్రి పదకొండుకు పద్దెనిమిదో అర్జీ పోయింది.
సీపీయూ వెనక చీకట్లో
రెండు చెవుల మధ్య పచ్చగా మిణుకుతా ఉంది.

తెల్లారి చూస్తే
అత్త తడి తువ్వాళ్లు భుజాన ఏసుకుని
ఖాళీ సందులో నిలబడి పైకి చూస్తా ఉంది.
అటక మీంచి నీలం ముక్క దించినా.
పొట్టిదైంది. కొసకు కొబ్బరితాడు ముడేసి,
ఇటు కొస పాత కడ్డీకే కట్టి
అటు కొస విసిరినా.
"ఈసారి ఎత్తుగా కట్టత్తా,
లారీ వస్తాది."