సముద్రం ఎంత చేస్తది

కాచిగూడ స్టేషన్ ఎదురుంగ లాడ్జి మూతపడ్డనాడు
నాలుగు నెలల జీతం కింద
మాణిక్ సేఠ్ నాకొక సముద్రాన్ని ఇచ్చిండు.

కౌంటర్ వెనక, తాళంచెవుల పలక పైన
పందొమ్మిదేండ్లు నా నెత్తిమీద వేలాడిన సముద్రం.
ఒక పడవ, రెండు కొబ్బరిచెట్లు,
పొడుస్తున్నడో కుంకుతున్నడో తేల్చుకోని పొద్దు.
"పెద్ద ఆర్టిస్టు వేసిండు, లక్షలు పలుకుతది" అన్నడు సేఠ్
నా మొఖం చూడకుండ,
ఊడదీసిన ఫ్యాన్లు లెక్కబెట్టుకుంట.

ఆటోల పట్టలే. బస్సుల నిలబెట్టి తెచ్చిన.
కండక్టరమ్మ దానికి కూడ టికెట్ కొట్టింది.
చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద, కింద మూసీ వాసన కొడుతుంటే,
ఎవరి పిలగాడో అల మీద వేలు పెట్టి
తడి ఉన్నదా అని చూసుకున్నడు.

"సముద్రం పెట్టి కరెంటు బిల్లు కడ్తవా?" అన్నది లీల.
అన్నదే గని, కొంగుతోని దుమ్ము తుడిచింది.
పడవల ఒక మనిషున్నడని అప్పుడు తెలిసింది నాకు.
ఇన్నేండ్లు నేను చూసింది
రిజిస్టర్ల సంతకాలనే.

సుల్తాన్‌బజార్ గల్లీల ఫ్రేములు కట్టే యాకూబ్ చాచా
బొమ్మ దిక్కు చూడనే లేదు.
చట్రాన్ని గోరుతోని గీకి, ముక్కుకాడ పెట్టుకున్నడు.
"అసల్ టేకు. పద్దెనిమిది వందలిస్త.
లోపలి బట్ట నువ్వే తీస్కపో."

బంజారాహిల్స్ గ్యాలరీల అద్దాల తలుపుకాడ
చెప్పులు విడవాల్నా అని అడిగిన. నవ్విండ్రు.
శాల్మలి మేడం తెల్ల గ్లౌజులు తొడుక్కున్నది,
కాన్పు చేసే నర్సమ్మ లెక్క.
టార్చి పట్టుకొని కొబ్బరిచెట్ల మీదికెళ్లి దిగి
మూలకు, సంతకం కాడ ఆగింది.
"పి. ఎల్లేశం."
పుస్తకాలల్ల దేవులాడింది. కంప్యూటర్ల దేవులాడింది.
ఎల్లేశం ఎక్కడ లేడు.
"డెకరేటివ్ అండి ఇది" అన్నది,
డాక్టరు మనల్ని పక్కకు పిలిచి చెప్పే గొంతుతోని.
"గోడ బోసిగా ఉండకుండా వేయించుకునేది.
మీకు నచ్చితే అదే దాని విలువ."

నచ్చుడు సంగతి నేనడగలే.
నేనడిగింది నాలుగు నెలల సంగతి.

పోయేటోన్ని ఆపి, వెనక అట్ట తీసి చూస్తనన్నది.
తీసింది.
ఇద్దరం ఏం మాట్లాడలే.
బట్ట వెనక, జానెడు వెడల్పు, ఒక కన్ను.
కాటుక కన్ను. కొసకు జామకాయంత కన్నీటిబొట్టు.
దాని పక్క ఎర్రటి అక్షరం ఒకటి, "డే",
ముందున్న "నే" ఏ చలికాలంల ఎవరు కప్పుకున్నరో.
సినిమా హోర్డింగు కోసి, తిరగేసి
దాని మీద అలలు వేసిండు ఎల్లేశం.

అప్పుడు గుర్తొచ్చింది.
నౌకరీల చేరిన మొదటి వారం
పాత లెడ్జర్ కొత్తదాంట్లకు ఎక్కించిన నేనే.
తొమ్మిదో నంబరు గది, పి. ఎల్లేశం, పెయింటర్,
బాకీ పదకొండు నెలలు.
దానికెదురుగ పెద్ద సేఠ్ చేతిరాత:
బొమ్మ ముట్టింది. చెల్లు.

మేడంకు చెప్పిన. రాసుకోలేదు ఆమె,
రాసుకునే ఖానా లేదు కావచ్చు.

చట్రం యాకూబ్ చాచాకు ఇచ్చేసిన. కరెంటు బిల్లు కట్టిన.
మిగిలిన దాంట్ల లీల కిలో మటన్ తెమ్మన్నది,
అరకిలో తెచ్చిన.
బట్ట కిటికీకి కట్టుకున్నం, పరదా లేదు గదా.
ఏడు గంటల ఎండకు, రంగు పలచబడ్డ కాడ,
నీళ్లల్ల కెళ్లి ఆ కన్ను లేస్తది కొంచెం.
లీలకు భయమైతది. నాకు కాదు.

మొన్న కిరాయికి వచ్చిన ఇంటి ఓనరు
చాయ్ తాక్కుంట అడిగిండు,
గిదెంత చేస్తది అని.

మనసుల కూడుకున్న.
ఆయనవి పదకొండు, నావి నాలుగు.

"పదిహేను నెలలు" అన్న.