దన్ను

ఇరవై ఆరేళ్లు కోర్టు వరండాలో
స్టూలు మీద కూచున్నాను.
వెనక ఏమీ లేదు. గోడ ఉంది గానీ
రెండడుగుల దూరం,
దానికి కక్షిదారులు ఆనుకునేవారు.

దావాలు, అఫిడవిట్లు, రాజీ కాగితాలు
అన్నీ వెన్ను నిటారుగా పెట్టే కొట్టాను.
మిషను అమ్మిన డబ్బుతో కాదులెండి,
అది పాత ఇనుముకే పోయింది,
చీటీ పాడి కొన్నాను ఈ బండి.
సెకండ్ హ్యాండుది. పెద్ద ట్యాంకు, అటూ ఇటూ పెట్టెలు.
ఎక్కితే కోరాపుట్టు దాకా దిగబుద్ధి కాదు.
మానాపురం వచ్చేసరికి మాత్రం
నడుం కింద ఎవరిదో ఒక వేలు
ఇరుక్కుపోయిన అక్షరం మీద
కొడుతూనే ఉంటుంది.

దాలినాయుడన్నాడు:
"ఏటి టైపు మేష్టారూ, నడుంకి దన్నెట్టించుకోండి.
మీ సీటుకీ ఎనక సీటుకీ మజ్జిన, ఇంతే, జానెడు.
నాకైతే సచ్చిన నడుం లేసొచ్చింది."

మా సత్యవేణి అంది: "మరి నేనెక్కడ కూచోను?"
నాలుగేళ్లలో ఆవిడ ఈ బండెక్కింది రెండుసార్లు.
ఒకసారి రామతీర్థం, ఒకసారి పళ్ల డాక్టరు.
అయినా ఆ ప్రశ్నకి
నా దగ్గర జవాబు లేదు.

గంటస్తంభం వెనక సందులో
జిలానీ సీట్లు కుడతాడు.
నా నడుం మీద అరచెయ్యి పెట్టి
పుచ్చకాయ చూసినట్టు చూశాడు.
"ఇప్పుడే బోల్టు కొట్టొద్దు సార్.
తాడేసి కడతాను, ఓపాలి సాలూరెల్లి రండి.
బాగోకపోతే నా ఫోము నాకిచ్చీండి."

కట్టాడు. ఎక్కడంలోనే తెలిసింది,
కాలు వెనక నుంచి తిప్పడానికి లేదు,
పంచె ఎగగట్టి చేనుగట్టు దాటినట్టు
ముందు నుంచి దాటాలి.
కూచున్నాక మాత్రం,
ఏం చెప్పను,
ఎవరో వెనక నిలబడి
"కానీ, చూసుకుంటాను" అన్నట్టుంది.
గజపతినగరం ఎప్పుడు దాటానో తెలీదు.
మానాపురంలో ఆ వేలు కొట్టలేదు.
కొట్టకపోతే
దానికోసం ఎదురుచూశాను.

సాలూరు దాటాక ఘాటు.
మూడో మలుపులో లారీ ఎదురైతే
అలవాటుగా ఒళ్లు వెనక్కి జరగబోయింది.
దిండు జరగనివ్వలేదు.
ఆ ఒక్క క్షణం అది గోడ.
సుంకి దాకా వెళ్లలేదు. తిరిగొచ్చేశాను.

సాలూరు టీకొట్టు దగ్గర లారీ డ్రైవరొకాయన
ఫోము చుట్టూ ఒక చుట్టు తిరిగి
"బాగుంది గానీ బాబూ,
ఆనుకుంటే కునుకొస్తాది.
నాను సీటెనకాల కొబ్బరిపీచు
గుచ్చుకునేలాగే ఒగ్గేసినాను" అన్నాడు.
చొక్కా ఎత్తి చూపించాడు కూడా,
వీపంతా ఎర్రగా, చాప అచ్చు.

రామభద్రపురంలో
ఖాళీ కూరగాయల బుట్టతో ఒక ముసలామె చెయ్యెత్తింది.
ఆపాను. వెనక మిగిలిన చోటు చూసి
తనే తల అడ్డంగా ఊపింది.
"ఎల్లు బాబూ, నీకే సాల్లేదు."
అద్దంలో ఆమె చిన్నదైపోయేదాకా
నేను ఆనుకోలేదు.

ఇప్పుడు జిలానీ కొట్లో ఉన్నాను.
కుర్చీ వేశాడు. ఎందుకో
స్టూలు లాక్కున్నాను.
పద్దెనిమిది వందలంటాడు, పదిహేనంటాను.
మడతపడేలా చేసిస్తానంటాడు,
అలా చేస్తే కిర్రుమంటుందని
మళ్లీ తనే అంటాడు.

ఫోను. సత్యవేణి.
"ఏ రంగు వేయించారు?"
వేయించలేదు అనలేదు. వేయిస్తున్నాను అనలేదు.
జిలానీ వైపు తిరిగి
నల్లగుడ్డ ఉందా అని అడిగాను.
ఉంది.
వేళ్ల మధ్య రుద్ది చూస్తున్నాను.
మానాపురం ఇంకా ఎంతో దూరం ఉండగానే
నడుం కింద
టక, టక, టక.