బుడగల్లో నీలం సిరా

సోమవారం కరెంటు సెలవు.
తాడిపత్రిలో బండలు రుద్దే మిషన్లన్నీ నోరు మూసుకుంటాయి.
ఊరు ఊరంతా చెవిలో దూది తీసినట్టుంటుంది.
ఆ పూట దస్తగిరి సైకిలంగట్లో
పంచర్ల తొట్టి పక్కన, వేలాడే ట్యూబుల కింద
అట్టలూడిన బొమ్మల పుస్తకాల చుట్టూ
మేం నలుగురం.

"ఏం సదివినావబ్బా ఈ వారం?"
"ఉల్కాసింహుడు, మూడో భాగం.
రెండోదాంట్లో సచ్చినోడంట,
మూడోదాంట్లో లేసి టీ తాగతాండాడు.
ఎట్ల లేసినాడో నాకు తెలీల్యా."
"రెండోది నాకాడ ఉండాదిలే.
పద్దెనిమిదో పేజీ లేదు.
సచ్చేది, లేసేది, అంతా ఆ పేజీలోనే."

చౌడమ్మ నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది.
జాకెట్లకు కాజాలు కుట్టే చెయ్యి,
చూపుడువేలికి సూదిపోట్ల చుక్కలు.
ఆమెకు కథతో పనిలేదు, తిట్లు కావాలి.
"ఓరి త్రాష్టుడా అంటాడమ్మా ఈ దొంగ!
మా సందులో ఎవురన్నా అన్యారా ఎప్పుడన్నా?
పిస్తోలు ఎక్కుపెట్టి
'కదలితివా, కాల్చెదను' అంటాండాడు.
వాడు ఇంత మాట ముగించేలోపల
అవతలోడు బస్సెక్కి గుత్తికి పోడా?"

అందుకేనేమో, ఎవరో దిద్దారు.
నీలం బాల్‌పెన్నుతో, బుడగ తర్వాత బుడగ,
అచ్చుమాట మీద సన్నగా ఓ గీత,
దానికింద చీమలబారు చేతిరాత.
కాల్చెదను అన్నచోట
"కదిల్తివో, అయిపోతావ్ రేయ్."
రాకుమారి రక్షించండి అన్నచోట
"ఎవురన్నా రాండప్పో!"
ఆకాశం నుంచి దిగినవాడు
మానవా లొంగిపో అన్నచోట
"ఇంగ సాలుగాని, కూచోప్పా."

అచ్చు పుస్తకానికి అద్దె రూపాయి,
దిద్దిన పుస్తకానికి రూపాయిన్నర.
ఎవరు దిద్దారో దస్తగిరికీ తెలీదు,
లెక్క మాత్రం తెలుసు.
రైల్వే గార్డు అన్నారు కొన్నాళ్ళు.
బదిలీ మీద పోయిన తెలుగు అయ్యవారన్నారు.
నేనైతే చౌడమ్మే అనుకున్నాను,
ఆ తిట్ల రుచి చూసి.

ఓబులేసు మా మాటల్లో కలవడు.
ఇరవై రెండేళ్ళు పాలిష్ మిషను ముందు నిలబడ్డాడు,
మిషను మిగిలింది, చెవులు పోయాయి.
మా పెదాలు చూస్తాడు, కొంత పట్టుకుంటాడు,
మిగతాది బొమ్మల్లో వెతుక్కుంటాడు.
ఇవాళ ఓ పేజీ తెరిచి మా మధ్యన పెట్టాడు.
ఉల్కాసింహుడు కొండను గుద్దుతున్నాడు,
పేజీ సగం ఒకటే అక్షరాలు, ఎర్రగా, పళ్ళు బయటపెట్టి:
ధభేల్!
అంగడంతా అదిరేలా అన్నాడు,
తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలీదు కదా:
"అబద్ధం. రాయి పగిల్తే ధభేల్ అనదు.
ముందు ఊపిరి పీల్చుకుంటాది.
ఆ పైన టిక్కు మంటాది, గాజు పెట్లినట్ల.
అంతే."
జేబులోంచి పెన్ను తీశాడు.
మూత నమిలి నమిలి చదునైపోయింది. నీలం.

ఎవరం ఏమీ అనలేదు.
దస్తగిరి చేతిలో ట్యూబు నీళ్ళలో బుడగలొదులుతోంది,
ఒక్కదాంట్లోనూ మాటలేదు.
చౌడమ్మే అడిగింది, పెదాలు నిదానంగా కదిపి:
"తిట్లు సరే. ఈ సప్పుళ్ళు ఎందుకు మారుస్తాండావు?"
"గ్యాపకం ఉండంగానే రాసుకోవల్ల గదా" అన్నాడు.
"మొన్న మా పాప యాడస్తాంటే
ఎట్ల యాడుస్తాదో రాద్దామని కూచుంటి.
రాల్యా."

తర్వాత మళ్ళీ గొడవ,
నాలుగో భాగం ముందు ఎవరికని.
నాకని నేను, తనకని చౌడమ్మ,
డబ్బులు ముందిచ్చినోళ్ళకని దస్తగిరి.
ఇంతలో రోడ్డవతల ఏదో మిషను
గొంతు సవరించుకుని ఎత్తుకుంది,
దాని వెనక ఇంకోటి, దాని వెనక వీధి వీధంతా.
మేం అరుచుకుంటున్నాం, నోళ్ళు బార్లా తెరిచి.
ఓబులేసు తలెత్తి మా ముఖాలు చూశాడు,
ఒక్కొక్కటీ, నిదానంగా, పేజీ చదివినట్టు.
"ఓ, కరెంటొచ్చినట్టుండాదే" అని
టిక్కు దగ్గర ఆపిన పెన్ను
మళ్ళీ కదిపాడు.