పల్లకీ పన్ను

రికార్డు గదిలో ఫసలీ పన్నెండొందల ఎనభయ్యారు విప్పితే
ముందు ఉప్పుగాలి వాసన, తర్వాత ఆయన.
సాగి నరసింగరాజు గారు,
గుమ్మడిపాలెం ముఠాదారు, విశాఖపట్నం మునిసిపల్ చైర్మను.
ఇంగ్లీషులో సంతకం చేస్తే
ఒక్కో అక్షరం పల్లకీ దిగి
బురదలో అడుగు వేస్తున్నట్టుంటుంది.

ముప్పైరెండు దీపాలు పెట్టించాడు
చెంగల్రావుపేట నుంచి కోట వీధి దాకా.
పున్నమి రోజుల్లో వెలిగించొద్దని కింద రాశాడు:
"చంద్రుడు జీతం అడగడు."
నవ్వుకుని పేజీ తిప్పాను.

ఆముదం లెక్క.
నలభై మణుగులు, గుమ్మడిపాలెం నుంచి, శిస్తు బకాయి కింద.
అది కరువేడు.
ఎవరి వీపు మీద బండ పెట్టి ఎండలో వంచారో
మునిసిపాలిటీ పద్దులో ఎందుకుంటుంది?
"వసూలైనది" అని ఉంది.
దస్తూరీ ముత్యాల్లా ఉంది.

కలరా వచ్చింది. మూడు బావులకి గట్లు కట్టించాడు.
రెల్లి వీధి బావి మాట వచ్చినప్పుడు
సభ వాయిదా పడింది.
ఇంకోసారి వాయిదా.
మూడోసారి "చైర్మను గారు లేచి" అని ఉంది,
ఆ తర్వాత చెదలు.
లేచి ఏమన్నాడో, లేచి వెళ్ళిపోయాడో
పదకొండు పేజీల పాటు మట్టి.

మట్టి అయ్యాక పన్ను ఎగ్గొట్టినవాళ్ళ జాబితా.
నాలుగో పేరు ఆయనదే. పల్లకీ ఒకటి, మూడేళ్ళు.
రాసిన గుమాస్తా చెయ్యి వణికిందేమో, సిరా చుక్క.
చుక్క పక్కనే ఆ నడిచే అక్షరాలు:
జప్తు చేయవలెను.
వేలంలో పదకొండు రూపాయలు.
దంతపు పెట్టెలు చేసే కంసాలి కొన్నాడు.

లేచి దణ్ణం పెట్టేవాణ్ణే.
కానీ మా అమ్మమ్మది గుమ్మడిపాలెం.
మనది కాని ఖర్చు మన నెత్తిన పడితే
అక్కడ ఇప్పటికీ ఓ మాటంటారు:
"పల్లకీ పన్ను."
ఆ ఏడు ఊరి శిస్తు ఎంత పెరిగిందో
నాకు ఏ రిజిస్టరూ చెప్పక్కర్లేదు.

ఆదివారం రెల్లి వీధికి వెళ్ళాను.
బావి ఉంది.
గట్టు మీద పేరు లేదు, తేదీ లేదు, తాడు ఒరిసిన గాట్లున్నాయి.
ఎవరు కట్టించారమ్మా అనడిగితే
బిందె నడుముకెత్తుకుంటూ ఆవిడంది:
"కట్టించినోల సంగతి తెల్దు గానీ బావూ,
కట్టినోలు మావోలే."