డొల్ల

సుత్తితో కాదు, సుత్తి పిడితో కొట్టమంటాడు అల్సీద్.
పడవ కడుపులో, ఎడమవైపు దూలం మీద
జానెడు జానెడు జరుగుతూ
టక్. టక్. టక్.
ఆ తర్వాత, కుళ్లిన గుమ్మడికాయను తట్టినట్టు,
బొద్.
"అదిగో," అన్నాను.
అతని ఎడమ చెవిని ఇంజన్లు ఎప్పుడో తినేశాయి.
అరచెయ్యి ఆనించి చూసి తలూపాడు.

ఫిబ్రవరి. సెయింట్ మేరీ అఖాతం
షెడ్డు తలుపు సందుల్లోంచి ఉప్పు వాసన ఊదుతోంది.
ఓ మూల కిరసనాయిలు హీటరు
ముసలి పిల్లిలా గురగురమంటోంది.
రెసిన్ డబ్బాలు మాత్రం ఇంట్లో,
వంటగట్టు మీద, వేన్నీళ్ల గిన్నెలో.
చలికి ముద్దకట్టిన జిగురు ఎవరి మాటా వినదు.

పైన ఫైబర్‌గ్లాస్ తొడుగు
నున్నగా, ఏమీ ఎరగనట్టుంది.
రంపం దిగాక తెలిసింది.
లోపలి స్ప్రూస్ కర్ర కర్ర కాదిప్పుడు,
వడకట్టి వదిలేసిన కాఫీ పిప్పి.
వంటింటి గరిటెతోనే తోడాను. మూడు బకెట్లయ్యాయి.
పాతికేళ్లు ఇంజన్ను మోసింది
ఈ పిప్పా, దీని చుట్టూ ఉన్న పెంకా?
"అలవాటు," అన్నాడు అల్సీద్.

నాలుగో బకెట్లో దొరికింది ఇత్తడి స్క్రూ.
తల మీద, స్క్రూడ్రైవర్ జారిన గాటు.
నాకన్నా ముందు నా చెయ్యి దాన్ని గుర్తుపట్టింది.
అప్పుడు నాకు పందొమ్మిది.
లాబ్‌స్టర్ల వేట మొదలయ్యే ముందు రాత్రి
పంపు గొట్టం కదలకుండా క్లిప్పు బిగించాను.
కన్నంలో సీలెంటు పుయ్యలేదు.
ట్యూబు పడవ అవతలి కొసన ఉంది.
అంతే. వేరే కథ లేదు.
బియ్యపుగింజంత కన్నం.
నీళ్లకి తొందరెక్కడిది?

వారంరోజులుగా నేను తిట్టింది మా అన్న తెయోఫిల్‌ని.

గ్రైండర్ పెడితే షెడ్డంతా గాజు పొగమంచు.
మాస్కు, చేతులకి టేపు, మెడకి తువ్వాలు,
అయినా దూలగొండి రుద్దినట్టే ఒళ్లంతా.
దూలం పని నా దూల తీర్చింది.
"చన్నీళ్లే," అరిచాడు అల్సీద్,
"వేన్నీళ్లు పోశావో, నలుసులు లోపలికెళ్లి కాపురం పెడతాయ్."

అట్టపెట్టె చింపి ఒరవడి కత్తిరించాం.
కొత్త చెక్క మూడుసార్లు కూర్చోనంది,
నాలుగోసారి కూర్చుంది.
మూలల్లో జిగురు మెత్తి
సీసా అడుగుతో ఒంపు తిప్పాడు.
గాజుగుడ్డకు మడత గిట్టదు, ఒంపైతే ఒదుగుతుంది.
ఒక పట్టీ మీద ఇంకో పట్టీ,
పైదెప్పుడూ కిందిదానికన్నా రెండంగుళాలు వెడల్పు.
రోలరు కింద తెల్లటి గుడ్డ
తడిసి, తడిసి, కనపడకుండా పోతుంది.
బుడగ కనిపిస్తే దాన్ని అంచుదాకా తరమాలి.
కప్పులో మిగిలిన రెసిన్
తనంతట తానే కాగి పొగలు కక్కింది.
అల్సీద్ దాన్ని మంచులోకి విసిరితే
చుస్సుమంది, కోపం దిగని మనిషిలా.

రెండ్రోజులయ్యాక మళ్లీ సుత్తి పిడి.
టక్. టక్. టక్. టక్.
ఎక్కడా బొద్ లేదు.
అల్సీద్ చెయ్యి తీసి ప్యాంటుకి తుడుచుకున్నాడు.
అతని మెప్పు అంతవరకే.

రాత్రి తెయోఫిల్‌కి ఫోన్ చేశాను.
స్క్రూ సంగతి చెప్పాను. ట్యూబు సంగతీ చెప్పాను.
చాలాసేపు అటునుంచి టీవీ చప్పుడే వినిపించింది.
"అది నువ్వా?" అన్నాడు.
తర్వాత, గొంతు తగ్గించి,
"నేనూ ఒకటి బిగించాలే ఆ రాత్రి.
కుడివైపు.
తట్టి చూశారా?"