అడుగు

పింగ్‌తుంగ్ దాటి హైవే ఎక్కే మలుపులో
పచ్చ ట్యూబులైటు కింద గాజు గది నాది.
వక్క చీల్చి, సున్నం రాసి, ఆకు చుట్టి
ఇరవై ఏళ్ళు
రాత్రి లారీలకు నిద్ర పట్టకుండా చూశాను.

బున్‌కీ లారీలో చేపలు, బతికున్నవి,
నీళ్ళ ట్యాంకుల్లో తైపే బజారుకి.
గాలి పంపు ఆగితే నాలుగొందల చేపలు చస్తాయి.
కన్ను రోడ్డుకి, చెవి పంపుకి,
దవడ నా వక్కకి.
మొదటి పొట్లం డబ్బుకి. రెండోది ఊరికే.
మూడో ఏడు పెళ్ళి.

మూడు వేళ్ళు పట్టే నోరు
రెండు వేళ్ళయింది, తర్వాత చిటికెనవేలయింది.
చిగురు మీద తెల్లపొరని
పన్ను గీసుకుందన్నాడు.
నేనూ అదే అన్నాను.

డాక్టర్ యెన్ పొట్టి మనిషి,
స్టూలెక్కి ఆపరేషన్ చేస్తుందట.
అతని ఎడమకాలి మీద నీలం పెన్నుతో గీత గీసి
“ఇక్కడ ఎముకలు రెండు.
మనిషిని మోసేది లావుది. సన్నది తోడుంటుంది, అంతే.
దాన్ని అడుగుదాం” అంది.

పదకొండు గంటలు.
దవడ సగం ఒక పళ్ళెంలోకి పోయింది.
సన్నెముకని మూడు ముక్కలుగా కోసి, వంచి, మరలు బిగించి,
కంటికానని దారంతో
కాలి నాళాన్ని మెడ నాళానికి కుట్టారు.
పిక్కబలమంటే పారిపోవడానికే అనుకునేదాన్ని.
పిక్క పారిపోలేదు,
పైకెక్కి నోట్లో కూర్చుంది.

గంటకోసారి నర్సు పెన్నులాంటిదొకటి ఆనించి వినేది,
హుష్... హుష్...
గోడకి తలానించి కునుకుతున్న నాకు
పంపు నడుస్తోందనే అనిపించేది.
రెండో రాత్రి రెండూ నలభైకి ఆగింది.
ఎవరూ అరవలేదు. మంచం చక్రాలు మాత్రం పరిగెత్తాయి.
గడ్డ తీసి మళ్ళీ కుట్టారు.
తెల్లారి డాక్టర్ యెన్ నడవాలో నిలబడి
చల్లారిన టీ తాగుతూ తలూపింది.

గొంతులో గొట్టం. పలక ఇచ్చాను.
చేత్తో రాసిన మొదటి మాట:
చేపలు?

కొట్టు మూశావా అని అడుగుతారు ఊళ్ళో.
మూయలేదు.
ఆ దవడకి పళ్ళు కట్టించాలి, డబ్బు కావాలి.
అతను చిలగడదుంప జావ మింగడం నేర్చుకుంటున్నాడు
చెంచా చెంచా, గడ్డం వంచి, ఊపిరి బిగబట్టి.
నేను మింగలేక, కక్కలేక
లారీల వాళ్ళకి వక్కలు చుడుతున్నాను.

ఆ ఎముకకి పుట్టినప్పట్నుంచి తెలిసిన మాట ఒక్కటే,
అడుగు.
ఇప్పుడు నాలుక పక్కనే ఉంది కదా,
అడుగు, నన్ను అడుగు,
మొదటి పొట్లం ఎందుకిచ్చావని.
అతను అడగడు.
కుడి పెదవి మూల జావ కారుతుంది, తెలియదు,
నా పెదవి మీద వేలు పెట్టి చూపిస్తాను,
తుడుచుకుంటాడు.

నిన్న రాత్రి టార్చి తెచ్చి
లోపలేదో గుచ్చుకుంటోందని సైగ చేశాడు.
చూశాను.
వెంట్రుక. కాలి వెంట్రుకే,
నోట్లో మొలిచింది.
దాని పక్కన చిన్న తెల్లమచ్చ.
పెళ్ళయిన కొత్తలో
ట్యాంకు దిగుతుంటే పిక్కలో ముల్లు దిగితే
పళ్ళతో పట్టి లాగాను కదా,
అదే.

టార్చి వణుకుతోందేమని,
తడి తడి మాటల్లో, సగం అక్షరాలు జారిపోతూ,
అడిగాడు.